పెద్దాయన భుజానికి తగ్గ విసురు వల

అరవై దాటిన మనిషికి విసురు వల కొనడానికి వెళ్లేవాళ్లు చాలామంది దుకాణంలో పొడి వలని ఒంటిచేత్తో పైకెత్తి చూసి, తేలిగ్గానే ఉందని డబ్బులిచ్చేస్తారు. నీళ్లలో తడిసి, బురద మోసుకుని, నాలుగు చేపలతో కలిసి పైకొచ్చే వల వేరు. పొద్దుటి నుంచి విసిరి విసిరి అలిసిన భుజానికి తగిలే బరువు మరీ వేరు. వయసు మీదపడ్డ వేటగాడికి వల తయారుచేయాలంటే ఆ చివరి బరువు దగ్గర లెక్క మొదలుపెట్టాలి.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. విజయనగరానికి భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో 28 కిలోమీటర్ల చిల్లర. ఇంత తీరం ఉన్నా, పడుచువాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్ల మీద కూలికి పనిచేస్తున్నారు. ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లు కళింగపట్నం దగ్గర వంశధార మొగలోనో, కోనాడ దగ్గర చంపావతి మొగలోనో, సోంపేట బీలలోనో, ఊరి గెడ్డలోనో, చెరువు మదుము దగ్గరో పూటకూరకి, నాలుగు రూపాయలకి వేటాడతారు. వాళ్లకి విసురు వలని మించిన పనిముట్టు లేదు. పడవ అక్కర్లేదు, డీజిల్ అక్కర్లేదు, విసరడానికి తోడు మనిషి కూడా అక్కర్లేదు. మొత్తం పనంతా ఒక నడుము, రెండు భుజాలు మోయాలి. మత్స్యకారులకి మన రాష్ట్రంలో యాభై ఏళ్లకే పింఛను ఇస్తున్నారంటే ఈ పని ఒంటిని ఎంత తొందరగా తినేస్తుందో సర్కారుకీ తెలుసన్నమాట.

ముందుగా పాత వలని తూచాలి. చెరువులో ఒకసారి ముంచి తీసి, కొనతాడు పట్టుకుని రెండు నిమిషాలు వేలాడదీసి, నీళ్లు ధారగా కారడం ఆగాక కొక్కెం కాటాకి తగిలించండి. ఆ అంకె ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత గోనెసంచిలో ఇసుక పోసి, పెద్దాయన ఎడమ మోచేతి మీద వేసుకుని, కుడిచేత్తో కొంత భాగం ఎత్తి, నడుము తిప్పి విసిరేలా ఊగమనండి. కిలో, అరకిలో చొప్పున ఇసుక తగ్గిస్తూ రండి. పదిసార్లు ఊగినా మొహం చిట్లించకుండా, ఊపిరి బిగబట్టకుండా ఉన్నప్పుడు సంచిలో ఎంత ఇసుకుందో చూడండి. అదీ ఆయన తడివల బరువు. మొహమాటానికి ఆయన ఇంకో కిలో ఎక్కువే చెబుతారు. సంచిని నమ్మండి.

ఇప్పుడు వల ఎంత పొడుగుండాలో తేల్చాలి. కొన నుంచి అంచు దాకా ఉండే ఆ పొడుగుని మన వైపు మూరల్లో చెబుతారు. మూరంటే అడుగున్నర. పడుచువాడు 7 మూరల వల విసురుతాడు. అదే వలని పెద్దాయనకి 5 మూరలకి దించితే ఏం జరుగుతుందో లెక్క వేసి చూద్దాం.

7 మూరల వల పూర్తిగా విచ్చుకుంటే దాని చుట్టుకొలత 20 మీటర్లు, అది కప్పే నీరు 32 చదరపు మీటర్లు. 5 మూరల వలకి చుట్టుకొలత 14 మీటర్ల పైచిలుకు, కప్పే నీరు 16 చదరపు మీటర్లు. అంటే రెండు మూరలు కోస్తే వల అల్లిక సగానికి పడిపోతుంది. తడిసి నీళ్లు పట్టేది ఆ అల్లికే, లాగేటప్పుడు నీటికి అడ్డుపడేదీ ఆ అల్లికే. సీసపు గుళ్లు కట్టే అంచు మాత్రం అంతగా తగ్గదు, పదింట ఏడు వంతులు మిగులుతుంది. చేప దొరికే చోటు కూడా సగమైపోతుంది కదా అంటారు. నిజమే. కానీ మోకాలి లోతు గెడ్డలో, మదుము కింద సుడిలో, మొగ దగ్గర ఇసుకమేట అంచున చేప ఒకచోట గుమిగూడి ఉంటుంది. అక్కడ పెద్ద వల పూర్తిగా విచ్చుకోవడానికి జాగా కూడా ఉండదు. పూర్తిగా విచ్చుకున్న చిన్న వల, సగం ముడుచుకుపోయి పడ్డ పెద్ద వలకన్నా ఎక్కువ చేపని కప్పుతుంది. అలిసిన భుజంతో విసిరిన పెద్ద వల ఎప్పుడూ సగం ముడుచుకునే పడుతుంది.

ఇదే లెక్క ప్రపంచానికి అవతలి చివర కూడా పనిచేస్తుంది. మన తెలుగువాళ్లు కూడా స్థిరపడ్డ అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం చెరువులు గడ్డకడితే, ఆ మంచుకి బరమాతో కన్నం తొలిచి గాలం వేస్తారు. 8 అంగుళాల బరమా బదులు 6 అంగుళాలది పట్టుకుంటే, తగ్గింది రెండంగుళాలే అయినా తొలవాల్సిన మంచు నూటికి 44 పాళ్లు తగ్గుతుంది. గుండ్రటి పనిముట్టు ఏదైనా అంతే. కొలత కాస్త తగ్గిస్తే చాకిరీ చాలా తగ్గుతుంది. పెద్దవాళ్ల కోసం పనిముట్టు ఎంచేటప్పుడు ముందు కోయాల్సింది ఈ కొలతనే. ఖరీదైన దారం, కొత్తరకం గుళ్లు ఆ తర్వాతి మాట.

తర్వాత వల కన్ను. నా లెక్కన ఈ వలకి ప్రాణం ఇక్కడే ఉంది. వల తేలికవ్వాలంటే సీసం తగ్గించాలి. సీసం తగ్గితే వల నెమ్మదిగా మునుగుతుంది, అది నేలకి చేరేలోపు చేప అంచు కింద నుంచి జారుకుంటుంది. ఆ జాప్యాన్ని పూడ్చేది పెద్ద కన్ను. కన్ను పెద్దదైతే నీరు సులువుగా వడిసిపోతుంది, తక్కువ సీసంతోనే వల చురుగ్గా కిందికి దిగుతుంది. లాగేటప్పుడూ అంతే, నీటిని ఈడ్చుకురాదు.

ముడి నుంచి ముడికి 10 మిల్లీమీటర్లు ఉండే కన్నుని 15 మిల్లీమీటర్లకి పెంచారనుకోండి. చదరపు మీటరులో 10,000 ముడులు ఉండే చోట 4,444 ముడులే ఉంటాయి. పాత 7 మూరల సన్నకన్ను వలలో 3,20,000 పైన ముడులుంటే, కొత్త 5 మూరల పెద్దకన్ను వలలో 73,000. పట్టే దారం, ముడులకి పోయేది కాక, 6,400 మీటర్ల నుంచి 2,200 మీటర్లకి దిగుతుంది. నిమిషానికి పది ముడులు వేసే చేతికి ఇది 120 గంటల పని. పాతది 500 గంటలు దాటేది.

దీనివల్ల పోయేది లేకపోలేదు. పిత్తపరిగెలు, చిన్న రొయ్యలు జారిపోతాయి. మొగలో రొయ్య మీదే బతికే పెద్దాయనైతే 12 మిల్లీమీటర్ల దగ్గర ఆగమంటాను. గెడ్డల్లో, చెరువుల్లో వేటాడేవాళ్లకి 15 చాలు. జెల్ల ఆగుతుంది, శీలావతి ఆగుతుంది, బొచ్చె ఆగుతుంది. వేలెడు పిల్లలు నీళ్లలోనే ఉండిపోతాయి, వచ్చే ఏటికి అవే పెద్దవై వలలోకి వస్తాయి.

దారం సంగతి త్వరగా తేల్చేద్దాం. పూర్వం నూలు వలలు, జనుము వలలు ఉండేవి. చెట్ల బెరడు కషాయంలో ముంచి ఆరేస్తేనే కుళ్లకుండా నిలిచేవి. నైలాన్ వచ్చాక ఆ చాకిరీ పోయింది. ఇప్పుడు ఎంచాల్సింది రెండింటిలో ఒకటి. పురిపెట్టిన మెత్తటి నైలాన్ దారం ముడి బాగా పడుతుంది, చేతిలో ఒద్దికగా ఒదుగుతుంది, కానీ పోగుల మధ్య నీళ్లు పట్టుకుంటుంది. గాజులా మెరిసే ఒంటిపోగు నైలాన్ నీళ్లు అంతగా పట్టదు, తేలిక, నీళ్లలో చేపకి కనబడదు. అయితే బిరుసు. ముడి జారుతుంది, చిరిగితే వంకరపోయిన వేళ్లతో మరమ్మతు చేయడం కష్టం. వాలుగ చేప పడితే చిరగక మానదు. పొందూరు ఖద్దరు వడికే ఇళ్లలో పత్తి దువ్వడానికి వాడేది ఆ చేప దవడే, ఆ పళ్ల పదును అలాంటిది. పెద్దాయన తన వల తానే బాగుచేసుకునే మనిషైతే పురిదారమే ఇవ్వండి. ఇంట్లో అల్లిక తెలిసిన పిల్లలుంటే ఒంటిపోగు వాడొచ్చు. పెద్ద కన్నుకి మారాక, పురిదారం మోసుకొచ్చే నీళ్ల బరువు ఎలాగూ తగ్గిపోతుంది కాబట్టి నా మొగ్గు పురిదారం వైపే.

అల్లిక కొన దగ్గర మొదలవుతుంది. వెదురు బద్దని కన్ను కొలతకి చెక్కి కొలపలకగా పెట్టుకోవాలి. 15 మిల్లీమీటర్ల కన్నుకి బద్ద వెడల్పు కూడా 15 మిల్లీమీటర్లే. వెదురు సూదికి దారం నిండా చుట్టి, గట్టి తాడు వలయం మీద 30 కన్నులు ఎత్తుకోవాలి. అక్కణ్ణుంచి గుండ్రంగా వరస మీద వరస అల్లుకుంటూ దిగాలి. వరస వరసకీ అరకన్ను చొప్పున వల పొడుగవుతుంది. గొట్టంలా మిగిలిపోకుండా గొడుగులా విచ్చుకోవాలంటే మధ్యమధ్యలో కన్నులు పెంచాలి. ఎన్ని పెంచాలన్నది చాలామందికి చేతివాటంగానే తెలుసు. లెక్కగా చెప్పాలంటే, కన్ను ఏ కొలతదైనా సరే, వరసకి సగటున మూడు కన్నులు పెరగాలి. వలయం చుట్టుకొలత పెరిగే తీరే అంత. వరసకి మూడు పెంచడం గజిబిజిగా ఉంటే రెండు వరసలకొకసారి ఆరు చోట్ల పెంచండి. ఆ ఆరు చోట్లకీ రంగు దారం గుర్తులు కడితే అల్లేవాళ్లకి లెక్క తప్పదు. 5 మూరలకి 216 వరసలు పడతాయి, చివరి వరసలో 678 కన్నులు తేలతాయి.

పెంచడంలో పిసినారితనం చేసిన వల సంచిలా వేలాడుతుంది. ఎంత బలంగా విసిరినా విచ్చుకోదు, విచ్చుకోని వలని విప్పడానికి పెద్దాయన ఇంకా బలం పెడతాడు. భుజం పోయేది అక్కడే. బజారు వల కొంటున్నా సరే, దుకాణం ముందు నేల మీద పరిచి చూడండి. ముడతలు లేకుండా, అంచు గుండ్రంగా పరుచుకోవాలి. పరవనివ్వని దుకాణంలో కొనకండి.

ఇక సీసం. మొత్తం బరువులో సింహభాగం ఇదే, ఎండిన దారమంతా కలిపినా కిలోకి లోపే ఉంటుంది. పాత వలకి 5 సెంటీమీటర్లకొకటి చొప్పున 10 గ్రాముల గుళ్లు 400 ఉండేవనుకుందాం, 4 కిలోలు. కొత్తదానికి మూడేసి కన్నులకి ఒక గుండు చొప్పున 226 గుళ్లు పడతాయి. 2 కిలోల 260 గ్రాములు. కిలోన్నరకి పైగా తగ్గింది. ఇంకా తేలిక చేద్దామని గుళ్లని దూరదూరంగా కట్టేవాళ్లున్నారు. అలా చేయొద్దు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట రెండు గుళ్ల మధ్య అంచు లేచి సందు పడుతుంది. ఇంకా తగ్గించాలంటే గుండు బరువు 8 గ్రాములకి దించండి, ఎడం మాత్రం పెంచకండి.

నాగావళి ఒడ్డున ఒక పెద్దాయన కొత్త వల రెండుమూడు సార్లు విసిరి, ఒడ్డున కూర్చుని, గుళ్లు ఒక్కొక్కటీ వేళ్లతో తడుముతూ అన్నమాట: "తేలిగ్గుంది గానీ బావూ, ఒక పక్క నేలకి కూకోట్నేదు." చూస్తే, ఒకవైపు నాలుగైదు కన్నులకొక గుండు ఉంది, ఇంకోవైపు రెండేసి కన్నులకే ఉంది. మొత్తం తూకం సరిగ్గానే ఉన్నా పంపకం సరిగా లేదు. గుళ్లన్నీ విప్పి మూడేసి కన్నులకి సర్ది కట్టాక వల నాలుగువైపులా ఒక్కసారే దిగింది. గుళ్లు కట్టడం తొందర పని కాదు. అంచుతాడుని రెండు గుంజల మధ్య బిగించి, సుద్దతో గుర్తులు పెట్టి, ఆ గుర్తుల మీదే కట్టాలి.

సీసం బదులు ఇనుప గొలుసు వేస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. సీసం నీటికి 11 రెట్ల పైన బరువు, ఇనుము 8 రెట్ల లోపు. కిలో సీసం నీళ్లలో 910 గ్రాములు తూగితే కిలో ఇనుము 870 గ్రాములే తూగుతుంది. తేడా కొంచెమే. గొలుసు నేలకి చక్కగా అంటుకుంటుంది కూడా. ఉప్పునీటి మొగల్లో తుప్పు పట్టి అంచుదారాన్ని కోసేస్తుందన్నదే దాంతో బాధ. మంచినీటి చెరువులకి గొలుసు వాడుకోవచ్చు.

సీసం వాడితే మాత్రం కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. 327 డిగ్రీలకే కరుగుతుంది కదా అని ఇంటి పొయ్యి మీద, వంట గిన్నెలో కరిగించి గుళ్లు పోసుకోవడం పాత పద్ధతి. దయచేసి మానండి. ఆ పొగ, ఆ దుమ్ము ఇంట్లో పసిపిల్లల మెదడుకి చేటు. అచ్చులో ఒక్క నీటిచుక్క ఉన్నా కరిగిన సీసం చిమ్మి కళ్లలో పడుతుంది. తయారు గుళ్లు కొనుక్కోండి, కట్టాక చేతులు సబ్బుతో కడుక్కోండి. అంచులో ఒక గుండుని పళ్లతో కరిచిపట్టి విసిరే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. పెద్దవయసులో కదిలే పళ్లకీ అది మంచిది కాదు, ఒంటికీ మంచిది కాదు. ఆ మూడో పట్టుకి మోచేయి చాలు. వలలో మూడోవంతు ఎడమ మోచేతి మీద వేసుకుని, మిగతాది రెండు చేతులకి పంచుకుంటే పంటిపట్టు అక్కర్లేదు. 5 మూరల వలకి ఇది బాగా కుదురుతుంది.

అంచుని లోపలికి జానెడు మడిచి, జానెడుకొక చోట చిన్న తాళ్లతో పైకన్నులకి కట్టేస్తే చేప చిక్కుకునే సంచులు తయారవుతాయి. సంచి లోతైన కొద్దీ చేప తప్పించుకోదు, అలాగే బురద, నాచు కూడా తప్పించుకోవు. బీలలో, బురద చెరువుల్లో వేటాడే పెద్దాయనకి సంచి లోతు బెత్తెడుకి తగ్గించండి.

కొనతాడు విషయంలో అందరూ చేసేది సన్నతాడు కట్టడం. సన్నతాడు తేలికే, కానీ అరచేతిని కోస్తుంది, పట్టు కోసం వేళ్లు బిగించాల్సి వస్తుంది. కీళ్లనొప్పులున్న చేతికి చిటికెన వేలంత లావు మెత్తటి తాడు కావాలి. మూడు బారలు చాలు. మూరకొక ముడి వేస్తే లాగేటప్పుడు చెయ్యి జారదు. చివర మణికట్టుకి తగిలించుకునే ఉచ్చు మాత్రం బిగిసేది కాకూడదు. చెయ్యి వెల్లకిలా తిప్పి లాగితే ఊడివచ్చేంత వెడల్పు వలయం కట్టండి. వల ఏ మునిగిన మోడుకో తట్టుకుని నీరు ఈడ్చినప్పుడు, పోతే వల పోవాలి, మనిషి నిలవాలి.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. ఇక్కడ ఎండ కాస్తుండగానే అక్కడి వానకి నీరు పెరుగుతుంది. వంశధార మీద గొట్టా బ్యారేజీ, నాగావళి మీద తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తితే దిగువన మోకాలి లోతు చూస్తుండగానే నడుము లోతవుతుంది. ఇసుక తీసిన గోతులు ఎక్కడున్నాయో పైనుంచి కనబడవు. పెద్దాయన మోకాలు దాటి దిగకూడదు, ఒంటరిగా దిగకూడదు. గేట్లెత్తుతున్నారని దండోరా వేస్తే ఆపూట వల గుంజ మీదే ఉండాలి.

వల చేతికొచ్చాక నేరుగా నీళ్లకి వెళ్లకండి. కోతలైన కళ్లంలో, గట్టి నేల మీద, పొద్దుటిపూట ఓ పాతిక సార్లు విసిరించండి. బలం భుజం నుంచి రాకూడదు. ఎడమకాలు ముందుకేసి, నడుము వెనక్కి తిప్పి, తిరిగి ముందుకి వస్తూ వదిలేయాలి. పడ్డ వల ఎంత మేర పరుచుకుందో అడుగులతో కొలవండి. పదిహేనడుగుల వెడల్పు రావాల్సిన వల పన్నెండు, పదమూడు అడుగులు పరుచుకుంటే బాగున్నట్టే. అంతకంటే తక్కువైతే ఇంకో అరమూర తగ్గించుకోవడానికి వెనకాడకండి. చివరగా నీళ్లలో ముంచి తీసి, మళ్లీ కొక్కెం కాటాకి తగిలించి, మొదటిరోజు రాసుకున్న అంకెతోనూ, ఇసుకసంచి అంకెతోనూ పోల్చండి.

వాడకంలో చూసుకోవాల్సింది కొంచెమే. మొగలో వేటాడి వస్తే మంచినీళ్లలో జాడించాలి. కొన పట్టుకుని నీడలో వేలాడదీయాలి, ఎండకి నైలాన్ పెళుసవుతుంది. ఎలుకలకి అందకుండా చూడాలి.

ఇంట్లో పెద్దాయనకి వల కొనబోతున్నవాళ్లకి ఒకటే మనవి. ఆయన్ని దుకాణానికి వెంటబెట్టుకుని వెళ్లండి, తడి వలని ఆయన మోచేతి మీద వేసి చూశాకే డబ్బులివ్వండి. అల్లించేట్టయితే చేతుల్లో పని తక్కువుండే వేసవిలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్ల వేట నిషేధం ఉండే రోజుల్లోనే మొదలుపెట్టించండి. 73,000 ముడుల పని అది. వానలు తగ్గి గెడ్డల్లో నీరు తేరేసరికి వల ఆయన చేతిలో ఉండాలి.